సమురాయ్ వారసత్వం: జపాను సాహిత్యం చెప్పే సాక్ష్యం

జపాను అభివృద్ధి ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన సభల్లో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. జపాను తన సంప్రదాయాన్ని వదులుకోకుండానే ఆధునికమైందట. సమురాయ్‌ల క్రమశిక్షణా, స్వామిభక్తీ, ఆత్మగౌరవమూ నేరుగా ఫ్యాక్టరీల్లోకీ ఆఫీసుల్లోకీ నడిచివచ్చాయట. కనుక మనమూ మన ప్రాచీన వారసత్వాన్ని అలాగే నెత్తిన పెట్టుకోవాలట. ఈ మాట చెప్పేవారిలో సాహిత్యకారులు కూడా ఉన్నారు గనుక వారిని ఒక ప్రశ్న అడగవలసి వస్తోంది: ఈ విషయం గురించి జపాను రచయితలు ఏం రాశారో మీరు చదివారా?

మనవాళ్ళకు జపాను మీద మోజు కొత్తది కాదు. 1905లో రష్యా మీద జపాను గెలిచినప్పుడు ఆసియా అంతటా పరాధీన ప్రజలు పొంగిపోయారు. కుర్రవాడుగా ఉన్న నెహ్రూ జపాను గురించిన పుస్తకాలు కొని, ఆ దేశపు వీరగాథలు ఇష్టంగా చదువుకున్నట్టు ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ సంతోషంలో తప్పేమీ లేదు. ఆ గెలుపు వెనక ఏదో ప్రాచీన ధర్మం పనిచేసిందని నమ్మడం దగ్గరే పొరపాటు మొదలైంది.

అసలు 1868 నాటికి సమురాయ్ అంటే ఎవరు? తొకుగావ పాలనలో దాదాపు రెండు శతాబ్దాలకు పైగా దేశంలో చెప్పుకోదగ్గ యుద్ధం లేదు. నడుముకు రెండు కత్తులు వేలాడుతున్నా సమురాయ్ చేసేది గుమాస్తా పని: శిస్తు లెక్కలు, గోదాము పద్దులు, కోటగుమ్మం కాపలా. జీతం బియ్యంలో కొలిచి ఇచ్చేవారు. ప్రభువులు ఒసాకా వర్తకులకు బాకీపడి, ఆ బాకీ కోసం తమ సమురాయ్‌ల జీతాల్లోనే ‘అప్పు’ పేరిట కోత పెట్టేవారు. కింది అంతస్తు సమురాయ్‌లు ఇంట్లో గొడుగులు కట్టి అమ్ముకుని బతికారు. ఫుకుజావ యుకిచి అలాంటి కింది అంతస్తు ఇంట్లోనే పుట్టాడు. తెలివితేటలుండి కూడా పుట్టుక కారణంగా ఎదగలేక చనిపోయిన తన తండ్రిని తలుచుకుని, ఆ భూస్వామ్య వ్యవస్థను జీవితాంతం ద్వేషించాడు.

ఈ వర్గాన్ని రద్దు చేసింది పరాయివాళ్ళు కారు. ఒకుబో, కిడో, ఇతో వంటివారంతా ఆ వర్గం నుంచి వచ్చినవారే. 1871లో సంస్థానాలు రద్దయ్యాయి. 1873లో నిర్బంధ సైనిక శిక్షణ వచ్చింది. 1876లో కత్తి ధరించడం నిషేధించారు. అదే సంవత్సరం బియ్యపు జీతాలు ఆపి, బదులుగా బాండ్లు చేతిలో పెట్టారు. ఆ బాండ్లలో కొన్ని జాతీయ బ్యాంకులకు మూలధనమయ్యాయి. తక్కినవి అప్పులవాళ్ళ పాలయ్యాయి. వ్యాపారంలోకి దిగి చేతులు కాల్చుకున్నవాళ్ళ వల్ల ‘సమురాయ్ వ్యాపారం’ అనే ఎగతాళి మాట జపాను భాషలో స్థిరపడిపోయింది. 1877లో సైగో తకమొరి నాయకత్వాన సత్సుమ సమురాయ్‌లు తిరగబడితే, వాళ్ళను ఓడించింది రైతుబిడ్డలతో నింపిన కొత్త సైన్యం. పాత గుమాస్తాల నుంచి కొత్త రాజ్యానికి అక్కరకొచ్చినవి చదువూ, పద్దులు రాయడమూ, పరిపాలనానుభవమూ. ఇది వారసత్వమే, కాదనను. కాని దీని మీద ఎవరూ వీరగాథలు కట్టరు.

ఖర్చు మోసినది మాత్రం వేరేవాళ్ళు. 1873 భూమిశిస్తు సంస్కరణ భూమి విలువలో నూటికి 3 వంతులు రొక్కంగా కట్టమంది. రైతులు తిరగబడ్డాక 1877లో రెండున్నరకు దిగింది. 1872లో ప్రారంభమైన తొమియోకా పట్టు మిల్లులో మొదట సమురాయ్ ఇళ్ళ ఆడపిల్లలు పనిచేశారు. తర్వాతి రోజుల్లో దేశమంతటా మిల్లులు నిండింది పేదరైతుల కూతుళ్ళతో. వాళ్ళ బతుకుల్ని హొసోయి వకిజో అనే మిల్లు కార్మికుడు 1925లో ఒక పుస్తకంగా రాసి, ఆ ఏడే కన్నుమూశాడు. జపాను ఆధునికత గురించి మాట్లాడేవాళ్ళు ముందు చదవవలసింది ఆ పుస్తకం.

అయితే వాళ్ళు చదివేది నిటోబె ఇనాజో రాసిన ‘బుషిడో’. నిటోబె 1862లో సమురాయ్ ఇంట పుట్టి, క్రైస్తవుడై, అమెరికాలో ఉండగా ఆ పుస్తకాన్ని ఇంగ్లీషులో రాశాడు. 1900లో అచ్చయింది. జపాను భాషలోకి వచ్చింది 1908లో! తన దేశంవాళ్ళకంటే ముందు పరదేశీయులకు వివరించవలసి వచ్చిన ‘జాతి ఆత్మ’ అది. నిటోబె యుద్ధోన్మాది కాడు, సౌమ్యుడు. యూరపు వీరులతో, గ్రీకు పురాణాలతో పోలుస్తూ తనవాళ్ళు అనాగరికులు కారని చెప్పాలన్న తపన అతనిది. ఆ తపన మనకు కొత్తదేమీ కాదు. మన పూర్వుల్లోనూ ఉంది. కాని అతని పుస్తకంలో ధైర్యానికి ఒక అధ్యాయం, మర్యాదకు ఒకటి, కత్తికి ఒకటి ఉన్నాయి. సమురాయ్ తిన్న బియ్యం పండించినవాడికి లేదు. జపానులో చాలాకాలమున్న చేంబర్లేన్ అనే ఆంగ్ల పండితుడు 1912లోనే దీన్ని కొత్తగా కల్పించిన మతమన్నాడు. అందులో కొంత అతిశయోక్తి ఉంది. ఆ మాట పూర్వమూ లేకపోలేదు. కాని దాన్ని జాతి మొత్తానికి తొడిగింది మెయిజీ రాజ్యమే. 1588లో హిదెయోషి రైతుల చేతుల్లోంచి కత్తులు లాక్కున్నాడు. 1882లో సైనికులకు చక్రవర్తి పంపిన ఆజ్ఞాపత్రం ఆ రైతుల సంతతి చేతనే స్వామిభక్తి పాఠం వల్లె వేయించింది. వర్గం పోయాక దాని నీతి అందరికీ విధి అయింది.

ఈ మోసాన్ని పట్టుకున్న తొలి కథల్లో అకుతగావ ర్యునొసుకె 1916లో రాసిన ‘చేతిరుమాలు’ ఒకటి. అందులో ప్రొఫెసర్ నిటోబెకు నకలు: వలస పాలన శాస్త్రం బోధిస్తాడు, భార్య అమెరికన్, జపాను పతనానికి బుషిడోయే మందంటాడు. వరండాలో కూర్చుని స్ట్రిండ్‌బర్గ్ నాటకకళ మీద రాసిన పుస్తకం చదువుతుండగా ఒక శిష్యుడి తల్లి వస్తుంది. కొడుకు చనిపోయాడని చిరునవ్వుతో చెబుతుంది. ప్రొఫెసర్ విస్తుపోతాడు. చేతిలోంచి జారిన విసనకర్ర తీసుకోవడానికి వంగినప్పుడు, బల్ల కింద ఆమె చేతులు వణుకుతూ రుమాలును చించేటంతగా నలపడం కనిపిస్తుంది. ఇదే జపాను స్త్రీ బుషిడో అని మురిసిపోయి, రాత్రి భార్యకు కూడా చెబుతాడు. తర్వాత పుస్తకం తెరిస్తే, ముఖం నవ్వుతూ చేతులు రుమాలు చించే నటన ఒక చవకబారు రంగస్థల చిట్కా అని స్ట్రిండ్‌బర్గ్ రాసిన పేరా ఎదురవుతుంది. అంతే కథ.

కొందరు దీన్ని తల్లి మీద వెక్కిరింతగా చదివారు. నేను ఒప్పుకోను. ఆమె దుఃఖం నిజం. ఆ దుఃఖాన్ని చూస్తూ చూస్తూనే సిద్ధాంతానికి ఉదాహరణగా మార్చేసుకున్న పండితుడి మీదే అకుతగావ గురి. చచ్చిన కుర్రవాడు ప్రొఫెసర్ ఆలోచనల్లో ఎంతసేపు నిలిచాడో లెక్కపెట్టి చూడండి. అదే ఏడు జపానుకు వెళ్ళిన టాగూరు జాతీయోన్మాదం గురించి హెచ్చరిస్తే, ఓడిన జాతి కవి అని అక్కడ వెక్కిరించారన్నది కూడా గుర్తుంచుకోవాలి.

మసాకి కొబయాషి 1962లో తీసిన ‘హరాకిరి’ తకిగుచి యసుహికో కథ ఆధారంగా వచ్చింది. కాలం 1630. కొలువు పోయిన యువకుడొకడు ఏమైనా సాయం దొరుకుతుందన్న ఆశతో ఈయీ ప్రభువు వాకిట్లో కడుపు కోసుకుంటానంటాడు. జబ్బుపడ్డ భార్యాబిడ్డల కోసం కత్తులు అమ్ముకున్నాడు. ఒరలో ఉన్నవి వెదురు బద్దలు. ధర్మం తప్పకూడదని ఆ వెదురుబద్దతోనే కడుపు కోయిస్తారు. తర్వాత అతని మామ హన్‌షిరో వచ్చి, ఆ పని చేయించిన ముగ్గురు వీరుల పిలకలు నేల మీద విసురుతాడు. పిలక పోయినవాళ్ళు చావలేదు, జబ్బని చెప్పి ఇంట్లో దాక్కున్నారు! చివరకు హన్‌షిరోను తుపాకులతో కాల్చి, ఇంటి దినచర్య పుస్తకంలో అంతా సవ్యంగా జరిగినట్టు రాసుకుంటారు. ‘సంప్రదాయం’ అనేది ఎలా తయారవుతుందో ఆ పద్దు పుస్తకం చూపినంత బాగా ఏ చరిత్ర గ్రంథమూ చూపలేదు.

అయినా ఈ చిత్రంతో నాకు పూర్తి తృప్తి లేదు. దొంగ సమురాయ్‌ను ఎండగట్టడానికి దర్శకుడు నిజమైన సమురాయ్‌నే నిలబెట్టవలసి వచ్చింది. హన్‌షిరో గొప్పగా కత్తి తిప్పుతుంటే మన గుండె ఉప్పొంగుతుంది. ఆ ఉప్పొంగుటే చిక్కు. నీతిని కించపరిచినవాళ్ళ మీద కోపం తప్ప, ఆ నీతి ఎవరి చెమట మీద నిలిచిందన్న ప్రశ్న ఆ వాకిట్లోకి రాదు.

ఆ ప్రశ్న అడిగినవాడు తకిజి కొబయాషి. ఈయనకు ఆ దర్శకుడితో పేరులోనే పోలిక. 1929లో వచ్చిన ‘పీతల ఓడ’లో ఒక్క సమురాయ్ కూడా లేడు. కంచత్కా సముద్రంలో పీతలు పట్టి డబ్బాల్లోకెక్కించే ఓడ. సూపర్‌వైజర్ అసకావ దేశం పేరు చెప్పి కూలీల ప్రాణాలు పిండుతాడు. సమ్మె కడితే నావికాదళ నౌక వస్తుంది. మన నౌకే, మన పక్షమే అని కూలీలు మురుస్తారు. అది తొమ్మిదిమంది నాయకుల్ని పట్టుకుపోతుంది. దేశమంతటికీ ఒకే ధర్మమన్న పాఠం ఆ క్షణంలో వాళ్ళ కళ్ళముందు పగిలిపోతుంది. 1933 ఫిబ్రవరి 20న ఈ రచయితను పోలీసులు చిత్రహింసలు పెట్టి చంపారు. 2008లో, అరకొర కొలువుల జపాను యువకులు ఈ నవలను మళ్ళీ లక్షల ప్రతుల్లో కొని చదివారు.

నవల చివర తకిజి చేర్చిన చిన్న అనుబంధాన్ని హడావిడి పాఠకుడు వదిలేస్తాడు. కూలీలు ఈసారి నాయకుల్ని ముందు పెట్టకుండా అందరూ కలిసి చేసిన రెండో సమ్మె గెలిచిందట. సరుకు తగ్గినందుకు కంపెనీ అసకావను, అన్నాళ్ళు కుక్కలా కాపలా కాసినవాణ్ణి, పైసా ఇవ్వకుండా గెంటేసిందట. ఇన్నాళ్ళూ నన్ను మోసం చేశారని అసకావ లబలబలాడాడట. 1876లో బియ్యం పోయి బాండ్లయినా చేతికొచ్చాయి. అసకావకు అవీ లేవు.