గాలే కదా అనుకోవద్దు

శాలిబండ గడియారం దాటి లాల్‌దర్వాజ వైపు నడుస్తుంటే ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే చిన్న దుకాణం ఒకటి ఉంది. అక్కడి ఉస్తాద్ రాగి గొట్టాలకు అతుకు వేయగానే గ్యాస్ ఎక్కించడు. నైట్రోజన్ నింపి, అతుకుల మీద సబ్బు నురగ పూసి, టార్చి వేసుకుని చూస్తూ కూర్చుంటాడు. పెద్ద లీకైతే వెంటనే బుడగ కడుతుంది. సన్నదైతే కొన్ని నిమిషాలకు గానీ ఆవగింజంత నురగ తేలదు. ఆ కాసేపు ఓపిక పట్టడమే ఈ విద్యలో సగం.

ఇదే పని నేను ఫ్యాక్టరీలో పెద్ద ట్యాంకుల మీద చేశాను. అక్కడ వీలైనంతవరకు నీళ్లతోనే పరీక్ష. నీళ్లు ఎంత నొక్కినా పెద్దగా కుదించుకుపోవు. ట్యాంకు పగిలినా ఒత్తిడి చప్పున పడిపోతుంది. గాలి అలా కాదు, నొక్కిన స్ప్రింగులా ముడుచుకుని ఉంటుంది. అతుకు వీడిందా, ఆ బలమంతా ఒక్కసారే మీద పడుతుంది. అందుకే ట్యాంకు తట్టుకోవలసిన గరిష్ఠ ఒత్తిడికి నీటి పరీక్షలో 1.3 రెట్లు పెట్టమనే అమెరికా ఏఎస్‌ఎంఈ కోడ్, గాలి పరీక్షకు 1.1 రెట్లతో సరిపెట్టింది. అదీ ముందు సగం దాకా, ఆపైన పదో వంతు చొప్పున ఎక్కించాలి. ఒత్తిడి మళ్లీ కొంత తగ్గించాకే మనిషి దగ్గరికెళ్లి లీకులు వెతకాలి.

"రాత్రంతా వదిలేస్తే మీటరు ముల్లు దిగదా?" అని ఉస్తాద్‌ని అడిగాను.

"దిగుతది సార్. స్ప్లిట్ ఏసీ గొట్టంల పగలు 40 డిగ్రీలకు 300 పౌండ్లు పెడితే, పొద్దుగాల 30 డిగ్రీలకు 290 చూపిస్తది. అది లీకు కాదు, సల్లదనం. ఇంకా దిగితేనే ఎతకాలె."

లెక్క వేసి చూశాను. సరిగ్గా సరిపోయింది. ఏ పుస్తకమూ చదవకుండా చేతిపనిలో పట్టుకున్న లెక్క అది. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

నన్ను కలవరపెట్టేది వేరే ఉంది. నైట్రోజన్ అందుబాటులో లేదని వెల్డింగ్ ఆక్సిజన్‌నే గొట్టంలోకి ఎక్కించేవాళ్లున్నారు. కంప్రెసర్‌లో నూనె ఉంటుంది. ఒత్తిడి మీదున్న ఆక్సిజన్ ఆ నూనెకు తగిలితే పేలిపోతుంది, ప్రాణాలు పోతాయి.

నైట్రోజన్ సిలిండర్ ఒళ్లు బూడిద రంగు, మెడ నలుపు. వెల్డింగ్ ఆక్సిజన్‌ది నల్లటి ఒళ్లు. మీ ఇంటి ఏసీ గొట్టానికి నల్లటి ఒళ్లున్న సిలిండర్ తగిలిస్తుంటే మొహమాటపడకుండా పని ఆపించండి.