శ్రీకాకుళమున షెర్లాక్ హోమ్సు

2024 డిసెంబరు 25వ తేదీన "శ్రీకాకుళం షెర్లాక్ హోమ్స్" అను చలనచిత్రము విడుదలయ్యెను. దర్శకుడు రైటర్ మోహన్. పరిశోధకుని పాత్ర ధరించినవాడు హాస్యనటుడుగా ప్రసిద్ధుడైన వెన్నెల కిశోర్. ఆంగ్లసాహిత్యమున 1887లో జన్మించిన పరిశోధకుని పేరును నాగావళీతీరమునందలి మన పట్టణపు పేరుతో ముడిపెట్టగా, వినినవారికి మొదట నవ్వు వచ్చుచున్నది. మా విద్యార్థులకును వచ్చినది. దాచనేల, మాకును వచ్చినది. "లండను షెర్లాక్ హోమ్సు" అనిన రాని నవ్వు "శ్రీకాకుళం" అనగనే ఏల రావలెను? ఈ ప్రశ్నను విడిచి యీ చిత్రమునుగూర్చి గాని, ప్రసిద్ధపాత్రల పునస్సృష్టినిగూర్చి గాని చర్చించుట నిష్ప్రయోజనమని మా యభిప్రాయము.

లోకము హోమ్సును గుర్తించునది చెవులపై రేకులు గల టోపీవలన, వంపు తిరిగిన పైపువలన. ఆ టోపీ సిడ్నీ పేజెట్ గీసిన బొమ్మలవలన వ్యాపించినది. ఆ వంపుపైపు రంగస్థలనటుడైన విలియం జిలెట్ పేరితో ముడివడినది. భరతుని పరిభాషలో ఇవి యాహార్యములు మాత్రమే. చలనచిత్రములు వీనిని యథేచ్ఛగా మార్చినవి. 1939లో బేసిల్ రాత్‌బోన్ నటించిన రెండు చిత్రములు విక్టోరియా రాణి కాలపు గుఱ్ఱపుబండ్లతో నడచినవి. 1942 మొదలు 1946 వరకు అదే నటునితో వచ్చిన పండ్రెండు చిత్రములలో హోమ్సు సమకాలికుడైనాడు. యుద్ధకాలమగుటచే తొలిచిత్రములలో నాజీలను ఎదుర్కొన్నాడు. 2009లో రాబర్ట్ డౌనీ జూనియర్ హోమ్సు ముష్టియుద్ధమునకు దిగినాడు (మూలమునను వాడు ఆ విద్య నెఱిగినవాడే). 2010 నాటి బీబీసీ ధారావాహికలో వాని చేతికి సెల్‌ఫోను వచ్చినది. ఇన్ని మార్పులలోను హోమ్సు హోమ్సుగనే నిలిచినాడు.

అట్లు నిలిపినదేది? డాయిల్ రచించిన నాలుగు నవలలను, ఏబదియాఱు కథలను పరిశీలించినచో రెండు లక్షణములు తేలును. మొదటిది చిహ్నపఠనము. రెండవది ఆ చిహ్నములనే చూచియు నెఱుగని మిత్రుడు, వాట్సను. రెండవదానిని ఎక్కడికైనను తరలింపవచ్చును. కొమ్మూరి సాంబశివరావు తన యుగంధరునకు సహాయకుడుగా రాజును కల్పించుట ఆ పద్ధతిలోనిదే. మొదటిదానిని మాత్రము తరలింప వీలులేదు. పంట్లామునకు అంటిన బురద రంగును చూచి లండనులో ఏ భాగమునుండి వచ్చితివో హోమ్సు చెప్పగలడు. 1891 నాటి యొక కథలో స్త్రీ చేతికుట్టుపై పడిన ఒత్తిడిగీతలను చూచి ఆమె టైపు చేయునదని గ్రహించినాడు. వాడు చదివినది బుద్ధిని మాత్రమే కాదు, ఒక నగరమును. ఆ నగరమునుండి పెకలించి తెచ్చినచో టోపీయు పైపును మాత్రమే మిగులును.

కావున శ్రీకాకుళపు హోమ్సు చదువవలసినది శ్రీకాకుళమును. జీడిపిక్కలను ఒలిచి ఒలిచి, పెంకునందలి జీడినూనెచే నల్లబడిన వ్రేళ్లను చూచి వాడు పలాస పేరు చెప్పవలెను. వాలుగ చేప దవడ యెముకతో పత్తిని దువ్వు పొందూరు వడుకరి చేతివాటమును గుర్తుపట్టవలెను. "ఏమిటి" యనుటకు బదులు "ఏటి" యని, "చేసివేసినాడు" అనుటకు బదులు "చేసీసినాడు" అని పలికినవాడు ఎంత దూరమునుండి వచ్చినాడో, ఏ మాటను దాచుటకు యత్నించుచున్నాడో వినవలెను. హోమ్సు నూటనలుబది రకముల పొగాకుబూడిదలపై గ్రంథము వ్రాసినట్లు చెప్పుకొనును. మన పరిశోధకున కట్టి గ్రంథము సిద్ధముగనే యున్నది: 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన, భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశము. కాడికి, మేడికి ఏ యూర ఏ పేరో యెఱిగినవానికి సాక్షి నోట వెలువడిన యొక్క పదము చాలును. పరిశోధకవిద్యార్థులు దీనిని పరిహాసమని భావింపరాదు.

ఇక చిత్రము. కథ 1991 మే నెలలో, రాజీవ్ గాంధీ విశాఖపట్టణ పర్యటన నేపథ్యమున జరిగిన యువతి హత్యచుట్టు అల్లబడినది. గతకాలమును ఎన్నుకొనుట తెలివైన పని. కెమెరాలును సెల్‌ఫోనులును నేరస్థుని జాడ చెప్పివేయు కాలమున ఊహకు పని తగ్గును. పరిశోధకుని పేరు ఓంప్రకాశ్. షర్మిలమ్మ, లోకనాథం, ఓంప్రకాశ్ అను మూడు పేర్ల ముక్కలతో "షెర్లాక్ హోమ్స్" కూర్చబడినదని చిత్రకర్తలు చెప్పిరి. ఈ శబ్దచమత్కారము తెలుగుతెరకు క్రొత్త కాదు. 1986లో జంధ్యాల దర్శకత్వమున, మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల ననుసరించి వచ్చిన "చంటబ్బాయ్"లో పాండురంగారావు జేమ్స్ పాండ్ అయినాడు. 2019 నాటి "ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ"లో ఎఫ్‌బీఐ యనగా ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్. మూడింటను హాస్యమునకు మూలమొక్కటే: గొప్ప పరదేశనామము, దానికి చాలని స్వదేశీయుడు.

అయినను భేదము కలదు. ఆత్రేయ నెల్లూరివాడు, నెల్లూరు అనుపేరు నవ్వుకొఱకు వాడబడలేదు. రైలుపట్టాల ప్రక్కన దొరకిన అనాథశవములు మొదలుగా వాని పరిశోధన మన దేశపు మూఢవిశ్వాసములలోనికి దిగుచు గంభీరమైనది. శ్రీకాకుళపు చిత్రముయొక్క శీర్షికలో ఊరిపేరే హాస్యపుబరువును మోయుచున్నది. ఉత్తరాంధ్ర నుడిని తెలుగుచిత్రములు చిరకాలము సేవకులకు, అమాయకులకు, హాస్యగాండ్రకు కేటాయించినవి. ఆ యలవాటు మన చెవులలో నున్నందుననే మొదటి నవ్వు వచ్చినది. హాస్యనటుని పరిశోధకునిగా నిలుపుట మంచి సాహసమే. కాని ఆ యూరి బుద్ధి ఆ యూరి నుడిలోనే పలికినగాని ఆ సాహసము ఫలింపదు. చిత్రము ఆ పని సగమే చేసినదని మా తీర్పు.

మఱియొక చిక్కు కలదు. 1922లో శ్రీకాకుళమున జన్మించి, విశాఖపట్టణమున న్యాయవాదియైన రాచకొండ విశ్వనాథశాస్త్రి తన "ఆరు సారా కథల"లో నేరలోకమును చిత్రించినారు. అక్కడ నేరస్థుడెవడన్నది రహస్యమే కాదు. పోలీసునకు తెలియును, ప్లీడరుకు తెలియును, పేటకంతకు తెలియును. తెలిసిన నిజము న్యాయస్థానమునకు చేరునా యన్నదే ప్రశ్న. హోమ్సు కథ నిజము బయటపడుటతో ముగియును; రావిశాస్త్రి కథ అక్కడనే మొదలగును. ఈ ప్రాంతమునకు తగిన పరిశోధకుడు నేరస్థుని వేలెత్తి చూపుటతో తృప్తిపడజాలడు.

అట్టి పరిశోధకుడు మనకు లేడా? విజయనగరమున ఒకరు కలరు. 1909 నాటి కన్యాశుల్కమున లుబ్ధావధానులు పెండ్లికూతురిని చంపెనను అభియోగమున చిక్కుకొనగా, ఆ పెండ్లికూతురు ఆడవేషము వేసిన కుఱ్ఱవాడని యెఱిగిన మధురవాణి తాను మగవేషము ధరించి సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్లినది. ఆమె ప్రతివాని మాటను, నడతను, సంచిబరువును చదువగలదు. నిజము తెలియుట చాలదని యెఱిగి, దానిని చేర్పవలసిన చోటికి స్వయముగా మోసికొనిపోయినది. ఆ నాటకమున మనము విజయనగరపు నుడిని చూచి నవ్వము. ఆ నుడితో మధురవాణి గిరీశమును చూచి నవ్వుచుండగా, ఆమెతోపాటు నవ్వుదుము.