మూడు బైబిళ్ల ఊళ్లో గ్రీకు మాటలు

కృష్ణగిరికి ఆ పేరు నల్లరాతి గుట్టల వల్ల వచ్చిందని చాలామంది చెబుతారు. కృష్ణ అంటే నలుపు, గిరి అంటే కొండ. ఈ ‘కృష్ణ’నూ బైబిల్లోని ‘క్రీస్తు’నూ ఒకే గాట కట్టాలన్న ఉబలాటం కొత్తదేమీ కాదు. 1869లో లూయీ జకోలియో అనే ఫ్రెంచి రచయిత ఆ ధోరణిలో ఏకంగా ఓ పుస్తకమే రాశాడు. భాషాశాస్త్రం ముందు ఆ వాదం నిలవలేదు. ‘క్రీస్తోస్’ అచ్చమైన గ్రీకు మాట. నూనె పూయడం అనే అర్థమున్న ‘ఖ్రియో’ అనే క్రియ నుంచి పుట్టింది. హీబ్రూలోని ‘మషీయహ్’కు గ్రీకు మాట్లాడే యూదులు ఎంచుకున్న అనువాదం అది. రాజునో యాజకుణ్నో నియమించేటప్పుడు తల మీద తైలం పోసేవాళ్లు. అలా పోయించుకున్నవాడు క్రీస్తోస్. అందుకే పాత నిబంధన గ్రీకు ప్రతిలో సౌలు రాజుకూ ఈ మాటే వాడారు. యెషయా 45వ అధ్యాయంలో పారసీక రాజు కోరెషుకూ ఇదే మాట వాడారు. మన ‘అభిషిక్తుడు’ దీనికి సరిగ్గా అతికే మాట.

చెవికి తగిలిన పోలికనూ, మాటను విరిస్తే దొరికే వేరునూ నమ్ముకుని గ్రీకు మాటలకు అర్థం చెప్పే అలవాటు మన ప్రసంగ వేదికల మీద పాతుకుపోయింది. ‘మూలభాషలో దీనికి అసలు అర్థం ఏమిటంటే’ అని బోధకుడు మొదలుపెట్టగానే సభ చెవులు రిక్కిస్తుంది. ఇప్పుడు సెల్‌ఫోన్‌లో మాట మీద వేలు పెడితే చాలు, దాని అంకె, గ్రీకు రూపం ప్రత్యక్షమవుతాయి. ఆ అంకెలు జేమ్స్ స్ట్రాంగ్ వేసినవి. 1890లో అచ్చయిన ఆయన పదసూచికలో గ్రీకు వరస 5,624 దాకా సాగుతుంది. పనిముట్టు మంచిదే. కాకపోతే అది ఇంగ్లీషు బైబిల్లో ఏ మాట ఎక్కడుందో వెతుక్కోవడానికి చేసింది. ఒక గ్రీకు మాటను ఇంగ్లీషులో పది రకాలుగా అనువదించి ఉంటే ఆ పదీ అక్కడ వరసగా కనిపిస్తాయి. పదింటినీ ఒకే వచనంలో కుక్కేయడంతోనే చిక్కు మొదలవుతుంది. మాట అర్థం దాని వాడుకలో ఉంటుంది. ఈ సంగతి గ్రీకు అక్షరం రానివాళ్లకు కూడా తేలిగ్గా పట్టుబడే చోటు ఏదైనా ఉందంటే, అది తమిళనాడులోని హోసూరు–కృష్ణగిరి సరిహద్దు ప్రాంతం.

సరిహద్దు ఇచ్చిన సదుపాయం

ఒకవైపు కర్ణాటక, ఇంకోవైపు కుప్పం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బజారులో కన్నడం ఇక్కడి తెలుగువాళ్లకు మామూలు. అంటే ఈ ప్రాంతపు తెలుగు క్రైస్తవుడు మూడు బైబిళ్లను ఏ నిఘంటువూ లేకుండా చదివి, లేదా కనీసం విని, అర్థం చేసుకోగలడు. మూడింటి కొత్త నిబంధనకూ మూలం ఒకే గ్రీకు. తమిళంలో సీగన్‌బల్గ్ అనువాదం 1715లో తరంగంబాడిలో అచ్చయింది. భారతీయ భాషల్లో అచ్చయిన మొదటి కొత్త నిబంధన అదే. ఆయన తర్వాత ఆ పని అందుకున్న బెంజమిన్ షుల్జ్ మద్రాసులో ఉండగా తెలుగులోకీ అనువదించాడు గానీ అది అచ్చుకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం చేరిన జార్జ్ క్రాన్, అగస్టస్ దేగ్రాంజ్ ఆనందరాయరు సాయంతో సువార్తల పని చేపట్టారు. క్రాన్ 1809లో, దేగ్రాంజ్ 1810లో కన్నుమూశారు. వాళ్లు తర్జుమా చేసిన సువార్తలు 1812లో శ్రీరాంపూరులో వెలువడ్డాయి. ఎడ్వర్డ్ ప్రిచెట్ పూర్తిచేసిన తెలుగు కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. కన్నడంలో బళ్లారిలోని జాన్ హ్యాండ్స్ ఆ భారం మోశాడు.

మూడు భాషల అనువాదకులు ఒకే గ్రీకు మాటతో కుస్తీపట్టి మూడు దారులు తొక్కిన సందర్భాలున్నాయి. మనకు పనికొచ్చేవి అవే.

యోహాను 14వ అధ్యాయంలో యేసు తాను వెళ్లాక వస్తాడని చెప్పిన ‘పారాక్లేటోస్’ను చూడండి. పక్కకు పిలిపించుకున్నవాడు అని ఆ మాట కట్టుబడి. తెలుగులో ఆయన ‘ఆదరణకర్త’. తమిళంలో ‘తేట్రరవాళన్’, అంటే ఓదార్చి ధైర్యం చెప్పేవాడు. కన్నడంలో ‘సహాయక’. ఏది సరి అని పోట్లాడుకోనక్కర్లేదు. కష్టంలో పక్కన నిలబడేవాడికి ఈ మూడు పనులూ ఉంటాయి. నాలుగో పని కూడా ఉందని యోహాను మొదటి పత్రిక రెండో అధ్యాయం చెబుతుంది. అక్కడ కూడా గ్రీకులో అదే పారాక్లేటోస్. మన అనువాదకులు మాత్రం ‘ఉత్తరవాది’ అన్నారు. న్యాయస్థానంలో మన తరఫున మాట్లాడేవాడన్నమాట. తమిళం ‘పరిందు పేసుగిఱవర్’ అంది, మనవైపు నిలిచి మాట్లాడేవాడని. ఆదరణకర్తా ఉత్తరవాదీ మూలంలో ఒకటేనని తెలుగు చదువరికి తెలియదు. తెలిస్తే రెండు వచనాలూ ఒకదాన్నొకటి వెలిగిస్తాయి.

‘మెటనోయా’ సంగతి ఇంకా బాగుంటుంది. లాటిన్ బైబిలు దీన్ని పశ్చాత్తాపం వైపు, ప్రాయశ్చిత్తం వైపు మళ్లించింది. 1516లో ఎరాస్మస్ గ్రీకు ప్రతిని అచ్చువేశాక, 1517లో లూథర్ మొదటి సిద్ధాంతవాక్యమే ఈ మాట మీద నడిచాక, యూరపులో పెద్ద రగడే జరిగింది. తెలుగువాళ్లకు ఆ తంటా లేదు. ‘మెటా’లో మార్పు, ‘నౌస్’లో మనస్సు ఉన్నాయి. మనకు మొదటి నుంచీ ‘మారుమనస్సు’. తమిళం ‘మనం తిరుంబుదల్’ అని మనసును వెనక్కి తిప్పింది. కన్నడం మనసును వదిలేసి, దేవుడి వైపు తిరగండి అని మనిషినే తిప్పింది. ఏడుపు, గుండెలు బాదుకోవడం మూడింటిలోనూ ముఖ్యం కాలేదు.

‘ప్న్యూమా’ దగ్గర మాత్రం తమిళానిది పైచేయి. గ్రీకులో గాలి, ఊపిరి, ఆత్మ మూడూ ఆ మాటే. యోహాను మూడో అధ్యాయంలో యేసు నికొదేముతో గాలి గురించి చెప్పి, ఆ వెంటనే ఆత్మ గురించి చెప్పినప్పుడు శ్లేష నడుస్తుంది. తెలుగులో ‘గాలి’ వేరు, ‘ఆత్మ’ వేరు అయ్యేసరికి ఆ శ్లేష కరిగిపోయింది. తమిళంలో పరిశుద్ధాత్మ ‘పరిసుత్త ఆవి’. ఇడ్లీ పాత్ర మూత తీస్తే పైకి లేచేదీ వాళ్లకు ఆవే.

‘బాప్తిస్మము’ దగ్గర తెలుగు చేతులెత్తేసినట్టు కనిపిస్తుంది. తమిళం ‘ఞానస్నానం’ అంది, కన్నడం ‘దీక్షాస్నాన’ అంది. మనం గ్రీకు మాటనే తెచ్చి పెట్టుకున్నాం. దీని వెనక పాత తగాదా ఉంది. ‘బాప్టిజో’ అంటే ముంచడం. మునిగిన ఓడలకు కూడా గ్రీకు చరిత్రకారులు ఆ క్రియే వాడారు. ముంచాలనేవాళ్లు, చిలకరిస్తే చాలనేవాళ్లు కలిసి చదివే బైబిల్లో ‘ముంచడం’ అని తేల్చి రాస్తే ఒక పక్షం ఒప్పుకోదు. బెంగాలీ అనువాదంలో బాప్టిస్టులు అలా రాస్తే బ్రిటిష్ బైబిల్ సొసైటీ అచ్చువేయనంది. ఆ గొడవతో 1840లో బాప్టిస్టులు వేరే అనువాద సంఘం పెట్టుకున్నారు. తర్జుమా చేయకుండా వదిలేసిన మాట కూడా ఒక్కోసారి తీర్పే.

చెత్తకుప్పలో దొరికిన నిఘంటువు

కొత్త నిబంధన గ్రీకు ఏదో దివ్యభాష అని పండితులు చాలాకాలం అనుకున్నారు. 1897లో ఈజిప్టులోని ఆక్సిరింకస్‌లో గ్రెన్‌ఫెల్, హంట్ పాత చెత్తదిబ్బలు తవ్వితే పపైరస్ కాగితాలు గుట్టలుగా బయటపడ్డాయి. కౌలు పత్రాలు, రశీదులు, ఇంటికి రాసిన ఉత్తరాలు. అడాల్ఫ్ డైస్మన్ వాటిని బైబిలు పక్కన పెట్టి చదివి 1908లో పుస్తకం వేశాడు. అపొస్తలులు రాసింది బజారు గ్రీకు అని తేలిపోయింది. మత్తయి ఆరో అధ్యాయంలో, నలుగురూ చూడాలని దానం చేసేవాళ్లు తమ ఫలం పొందేశారని యేసు అన్నచోట ఉన్న క్రియ, ఆ కాలపు రశీదుల్లో ‘ముట్టింది’ అని రాసే మాట. వాళ్లకు చెల్లాల్సింది చెల్లిపోయింది, ఇక బాకీ లేదు.

కృష్ణగిరి జిల్లాకు బాగా దగ్గరైన మాట ఇంకొకటి ఉంది, ‘అర్రబోన్’. కొత్త నిబంధనలో మూడేచోట్ల వస్తుంది: కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో రెండుసార్లు, ఎఫెసీయుల పత్రిక మొదటి అధ్యాయంలో ఒకసారి. మూడుచోట్లా పరిశుద్ధాత్మ గురించే. తెలుగు బైబిలు దాన్ని ‘సంచకరువు’ అంది. ఈ కాలపు చదువరి అక్కడ కాస్త ఆగుతాడు. ఇదేదో గుడిభాష అనుకుని దాటిపోతాడు. తమిళ బైబిలు తెరిస్తే ‘అచ్చారం’ అని ఉంటుంది, కన్నడంలో ‘సంచకార’. అప్పుడు విడిపోతుంది ముడి. మామిడితోట కాపు మీద వ్యాపారి ముందుగా చేతిలో పెట్టే డబ్బు అది. హోసూరులో స్థలం కొనేవాడు రిజిస్ట్రేషనుకు ముందు ఇచ్చే అడ్వాన్స్ అది. మొత్తం ధరలో అదొక భాగం, తిరిగి తీసుకునేది కాదు. అది ఇచ్చాక మిగతాది కట్టి తీరాలి.

మాట పుట్టుక చూస్తే గ్రీకుది కూడా కాదు. సెమిటిక్ భాషల వర్తకుల నుంచి గ్రీకులోకి దిగుమతి అయింది. ఆదికాండము 38లో యూదా తామారు దగ్గర ముద్ర, దారం, చేతికర్ర పెట్టి వెళ్లిన సందర్భంలో హీబ్రూలో ఉన్నది దీని మూలరూపమే. తెలుగులో అక్కడ ‘కుదువ’ అన్నారు. కుదువ విడిపించుకునేది, సంచకరువు విడిపించుకోనిది. ఒకే మాట రెండుచోట్ల రెండు పనులు చేసింది. మన అనువాదకులు ఆ తేడా కనిపెట్టారు. నేటి గ్రీకులో ఆ మాటకు పెళ్లి నిశ్చితార్థం అని అర్థం.

తడబడే చోట్లు

పౌలు రోమీయులకు రాస్తూ సువార్తను దేవుని శక్తి అన్నచోట గ్రీకులో ‘దునామిస్’ ఉంది. ‘డైనమైటు పుట్టింది దీన్నుంచే, కాబట్టి సువార్త డైనమైటు’ అని చెప్పడం ప్రసంగాల్లో తరచూ వింటాం. గ్రానైటు క్వారీలకు పేరున్న ఈ జిల్లాలో ఆ మాట చటుక్కున ఎక్కుతుంది కూడా. కానీ ఆల్‌ఫ్రెడ్ నోబెల్ తన సరుకుకు ఆ పేరు పెట్టింది 1867లో. పౌలుకు తెలియని పేలుడును పౌలు మాటలో వెతకడం కాలాన్ని తలకిందులు చేయడం. తాతకు మనవడి పోలిక అంటగట్టినట్టు ఉంటుంది.

‘ఎక్లేసియా’ను బయటికి పిలవబడినవారు అని విరిచి చెప్పడం ఇంకో అలవాటు. కట్టుబడి అంతే, నిజమే. అయితే అపొస్తలుల కార్యములు 19లో ఎఫెసు నాటకశాలలో కంసాలులు రేపిన గందరగోళపు గుంపుకూ లూకా ఎక్లేసియా అనే రాశాడు. ఆ గుంపులో చాలామందికి తాము ఎందుకొచ్చారో తెలియదు. తెలుగులో అక్కడ ‘సభ’ అని, విశ్వాసుల విషయంలో ‘సంఘము’ అని వేరుచేయడంతో ఈ సంగతి కనబడదు. ఆ మాట తనంతట తాను పవిత్రమైంది కాదు. ఏ గుంపు, ఎవరి గుంపు అన్నది వాక్యం చెప్పాలి.

‘అగాపే’ మరీ సున్నితం. దైవప్రేమ అగాపే, స్నేహం ‘ఫిలియా’ అని బండగుర్తులు పెట్టుకున్నాం. కానీ సమూయేలు రెండో గ్రంథం 13లో అమ్నోను తన చెల్లెలు తామారు మీద పెంచుకున్న పాడుకోరికకు కూడా గ్రీకు ప్రతి అగాపే అనే రాసింది. దేమా పౌలును వదిలి లోకాన్ని ప్రేమించినచోటా అదే క్రియ. తెలుగు అనువాదకులు అక్కడ ‘స్నేహించి’ అని తెలివిగా తప్పించుకున్నారు. ఇటు చూస్తే యోహాను ఐదో అధ్యాయంలో తండ్రి కుమారుణ్ని ప్రేమించడానికి వాడింది ఫిలియా కుటుంబపు క్రియ. కొరింథీయుల మొదటి పత్రిక 13వ అధ్యాయం అంత గొప్పదైంది పౌలు ప్రేమ గురించి చెప్పిన సంగతుల వల్ల. గ్రీకు మాట మహత్తు వల్ల కాదు.

నిజమైన చుట్టరికం

మరి గ్రీకుకూ మన మాటలకూ చుట్టరికమే లేదా? ఉంది. దాన్ని ముందుగా పసిగట్టినవాళ్లలో ఒకరు తెలుగు నేర్చిన జెస్యూట్. గాస్తోన్ లొరాన్ కూర్దూ కర్నాటిక్ మిషన్‌లో పనిచేసి, తెలుగు–ఫ్రెంచి నిఘంటువు కూర్చాడు. సంస్కృత, గ్రీకు, లాటిన్ మాటలను వరసగా పేర్చి, ఇవి ఒకే పుట్టుక అని 1767లో పారిస్ అకాడమీకి రాశాడు. విలియం జోన్స్ కలకత్తాలో అదే మాట చెప్పింది 1786లో. కూర్దూ రాసింది అచ్చయింది 1808లో. అందుకే పేరు జోన్స్‌కు దక్కింది.

ఆ చుట్టరికం ‘సువార్త’లో కళ్లకు కడుతుంది. గ్రీకు ‘యువాంగెలియోన్’లో ‘యు’ అంటే మంచి, మిగతాది వార్త. మన ‘సు’, గ్రీకు ‘యు’ ఒకే వేరువి. ‘దేవుడు’కూ గ్రీకు ‘థెయోస్’కూ మాత్రం సంబంధం లేదు. చెవికి ఎంత దగ్గరగా వినిపించినా సరే. దేవ శబ్దానికి చుట్టాలు లాటిన్ ‘దెయుస్’, గ్రీకుల ‘జెయుస్’. దూరంగా వినిపించిన ‘యు’ చుట్టమైంది, దగ్గరగా వినిపించిన ‘థెయోస్’ కాలేదు. చెవి సాక్ష్యం చెల్లదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

గ్రీకు క్షుణ్ణంగా నేర్చుకోవాలనుకునేవాళ్లకు హోసూరు నుంచి నలభై కిలోమీటర్ల దూరంలోనే బెంగళూరులో 1910 నాటి యునైటెడ్ థియొలాజికల్ కాలేజీ ఉంది. అంత తీరిక లేనివాళ్లు చేయగలిగిందీ తక్కువేం కాదు. ముందు తెలుగు, తమిళ, కన్నడ బైబిళ్లలో ఆ వచనాన్ని పక్కపక్కన చదవండి. మూడూ ఒక్కటే చెబితే అక్కడ గ్రీకుతో పనిలేదు. వేరువేరుగా చెబితే అప్పుడు ఫోన్ తీసి ఆ గ్రీకు మాట ఇంకా ఎక్కడెక్కడ వచ్చిందో అన్ని వచనాలూ చూడండి. వేరు గురించిన కథ ఆఖరున చదవండి. ఆ కథ మిగతా వచనాల్లో నిలబడకపోతే, ఎంత రక్తి కట్టించేదైనా సరే, వేదిక మీదికి తీసుకెళ్లకండి.