కలిపి రావడం

తల్లీ గోదారీ, మా అమ్మను తెచ్చాను.

తెల్లగుడ్డ వాసెన కట్టిన మట్టి ముంతలో తెచ్చాను. బిందెడు నీళ్ళు చంకనెత్తుకుని నీ రేవు మెట్లన్నీ ఎక్కిన మనిషి, వచ్చినవాళ్ళందరికీ వండి వడ్డించి చివర్న తిన్న మనిషి, ఇప్పుడు నా ఒళ్ళో చంటిబిడ్డ బరువైనా లేదు. రాజమహేంద్రవరం కోటిలింగాల రేవులో పడవ ఎక్కినప్పటి నుంచీ ముంతను కింద పెట్టలేదు.

మొన్న మూడోనాడు సంచయనం. పాలూ నీళ్ళూ చల్లి బూడిద చల్లార్చారు. ఈ పని ఎలా చెయ్యాలో ఆశ్వలాయన గృహ్యసూత్రం ఏనాడో చెప్పింది. బొటనవేలూ ఉంగరపువేలూ కలిపి ఒక్కొక్క ఎముకే తియ్యాలి, ముందు పాదాలవి, చివరికి తలది, చప్పుడు కాకుండా కుండలో ఉంచాలి. చప్పుడు కాకుండా! ఆ సూత్రం చెప్పినాయన కూడా తనవాళ్ళనెవరినో పోగొట్టుకునే ఉంటాడు. నేను పసిదాన్నై నిద్రపోతుంటే అమ్మ పక్కలోంచి లేస్తూ గాజులు చేత్తో పట్టుకునేదే, ఆ జాగ్రత్త అది. పాదాలు ముందెందుకో నన్నడిగితే, దండం పెట్టేది అక్కడే కదా అంటాను.

అగ్ని తినగలిగిందంతా తిని ఇంతే మిగిల్చింది. క్యాల్షియం, ఫాస్ఫరస్ కలిసి గట్టిపడిన తెల్లని పలుకులు. ఇవి అమ్మలోకి ఎక్కణ్ణించి వచ్చాయి? 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట ముగించిన నాటినుంచీ నీ నీళ్ళు కాలువలై పారిన చేలల్లోంచి వచ్చాయి. ఆ బియ్యం, ఆ గడ్డి మేసిన గేదె పాలు, ఆ గట్టు మీద మొలిచిన తోటకూర. నీ సొమ్మే తల్లీ, నీకు తెచ్చాను.

మావాళ్ళు ‘గోదాట్లో వేసొచ్చాం’ అనరు, ‘కలిపొచ్చాం’ అంటారు. ఆవకాయన్నం కలిపి ముద్దలు పెట్టిన చేతిని ఇవాళ నీళ్ళల్లో కలపాలి. ఇంత బరువైన పనికి ఇంత ఇంటి మాట పెట్టుకున్న భాషలో పుట్టినందుకు నాకు ఊరట.

ఎక్కడ కలపాలన్నది ఎవరి ఓపికను బట్టి వాళ్ళది. కాశీకో ప్రయాగకో వెళ్ళేవాళ్ళు వెళతారు. బాసర, ధర్మపురి, ప్రాణహిత వచ్చి నీ చెయ్యి పట్టుకునే కాళేశ్వరం, అన్నీ నీ వాకిళ్ళే. కృష్ణ ఒడ్డువాళ్ళకి బీచుపల్లి ఉంది, విజయవాడ ఉంది, ఆమె సముద్రాన్ని చేరే హంసలదీవి ఉంది. 1948 ఫిబ్రవరి 12న గాంధీగారి అస్థికలు ప్రయాగ సంగమంలో కలిశాయి, దేశంలో ఇంకెన్నో నదుల్లోనూ కలిశాయి. పిడికెడు గంగలో వేసి, మిగతాది విమానంలోంచి రైతుల పొలాల మీద చల్లమని నెహ్రూ 1954లో వీలునామా రాసుకున్నాడు. 1964లో అలాగే చల్లారు.

మా అమ్మకి విమానం అక్కర్లేదు. దిగువన ధవళేశ్వరం దగ్గర నువ్వు గౌతమివై, వసిష్ఠవై చీలి సముద్రానికి పోతావు. కొంత కాలువల్లోకి మళ్ళి పొలాలకీ పోతావు. ఆమె ఏ పాయలో సాగుతుందో, ఏ ఆకుమడిలో ఆగుతుందో! యానాం దాకా పోయినా సరే, ఏ బోదెలోనో ఒదిగి వరి వేళ్ళకి అందినా సరే.

పిల్లల్ని చూడాలని అమెరికా వెళ్ళి అక్కడే కన్నుమూసిన తల్లులున్నారు. వాళ్ళని ఇక్కడికి తేవాలంటే మరణ ధ్రువపత్రం, దహనం జరిగినట్టు పత్రం, మన కాన్సులేటు ఇచ్చే కాగితం కావాలి. విమానాశ్రయంలో ఎక్స్‌రేకి లోపల ఏముందో కనబడాలి కనక ఇత్తడి చెంబు కంటే చెక్కపెట్టె మేలు. తేలేనివాళ్ళు అక్కడి సముద్రంలోనే కలుపుతారు. ఒడ్డుకి 3 నాటికల్ మైళ్ళ అవతల కలపాలి, కుళ్ళి కరిగిపోయే పూలే వెయ్యాలి, 30 రోజుల్లోగా అక్కడి పర్యావరణ సంస్థకి చెప్పాలి. ఇంగ్లండులో లెస్టర్ చుట్టుపక్కల హిందువులు, సిక్కులు సోర్ నదిలో కలుపుతారు. సోర్‌కి మన మంత్రాలు రావు. అయినా కడుపులో పెట్టుకుంటోంది కదా, ఆ నదికీ నా దండం.

2021లో, కరోనా రోజుల్లో, తమవాళ్ళ అస్థికలు తీసుకుని కదల్లేని కుటుంబాలెన్నో. అప్పుడు మన తపాలా శాఖ వాటిని స్పీడ్ పోస్టులో కాశీకి, ప్రయాగకి, హరిద్వారానికి, గయకి చేర్చే ఏర్పాటు చేసింది. ఉత్తరాలు మోసిన సంచి తల్లిదండ్రుల్ని మోసింది.

రేవులో ఒకాయన ‘కొడుకులు లేరా అమ్మా?’ అన్నాడు. లేరు, నేనే ఉన్నాను. నువ్వు మాత్రం ఏమీ అడగలేదు. నడిమధ్యకి వచ్చాక పడవాయన తెడ్డు ఆపి, ‘గాలి మన మీదకే ఉంది, అటు తిరిగి బాగా వంగండమ్మా, నీళ్ళకి ఆనించి మెల్లగా వదలండి’ అన్నాడు. ఆయన చెప్పినట్టే చేశాను. గుడ్డ విప్పాను. పాలు పోసినట్టు ఒక తెలుపు నీళ్ళల్లోకి దిగి, మబ్బులా విడి, ఇక వెతికినా కనబడలేదు. ముంత మట్టిదే, అదీ నీకే. నువ్వులూ నీళ్ళూ వదిలాను. వాసెన గుడ్డ తడిపి పిండి సంచిలో పెట్టుకున్నాను. దండలోని జరీకాగితం, నైలాన్ దారం తీసేసి బంతిపూలే వదిలాను.

ఈ రేవుకి వచ్చే అయ్యల్లారా, అమ్మల్లారా, మీవాళ్ళను నిండు మనసుతో కలుపుకోండి. కవర్లూ, సీసాలూ, పటాలూ మాత్రం వెనక్కి తీసుకెళ్ళండి. ఈ నీళ్ళల్లో మా అమ్మ ఉంది.