పూసే దాకా ఆగండి

ఉగాది పొద్దున్నే పై అంతస్తు అమ్మాయి బెల్లు కొట్టి, చేతిలో స్టీలు గిన్నె చూపించింది. "అంకుల్, ఈసారి పచ్చడికి ఎండు పువ్వు వెతుక్కోక్కర్లేదు. మన గేటు పక్కనే వేప పూసింది!" గిన్నెలో ఉన్నది పువ్వే. సన్నటి పువ్వు, గుత్తులు గుత్తులుగా ఉంది, వాసనా బాగుంది. రంగు మాత్రం లేత ఊదా.

ఆ అమ్మాయిది గుంటూరు. ఢిల్లీకి కొత్త. ఇక్కడి పాత తెలుగు కుటుంబాలన్నిటికీ తెలిసిన సంగతి ఇంకా తన దాకా రాలేదు: ఢిల్లీ వేప ఉగాదికి పూయదు. మన వైపు పంచాంగం చూసుకుని పూసినట్టు పూసే చెట్టు, ఇక్కడి చలికి ఆలస్యంగా ఆకు రాల్చి, చిగురేసి, ఏప్రిల్లో గానీ పూతకి రాదు. మార్చిలో పూసేది బకాయిన్. మన తురకవేప. రెండూ ఒకే కుటుంబం. అయితే వేప రెమ్మకి ఒకటే ఈనె, దానికి రెండు వైపులా ఆకులు. బకాయిన్ ఈనె మళ్ళీ చీలుతుంది, ఆ చీలికల మీద ఆకులు వేస్తుంది. వేపపువ్వు తెలుపు, దీనిది ఊదా. దీని కాయలు మనుషులకి విషం. పువ్వు మాటేమిటన్నది పండగపూట ప్రయోగం చేసి తేల్చుకునే విషయం కాదు. మా ఆవిడ ఆ గిన్నె ఖాళీ చేసి, రాజమండ్రి నుంచి తెచ్చుకున్న ఎండు పువ్వు పిడికెడు పోసి పంపింది.

గేటు పక్కకి బకాయిన్ ఎలా వచ్చిందంటే, మా ద్వారకా సొసైటీ ముందు తోటని ఈ చలికాలం చివర కొత్తగా చేయించారు. అంతకు ముందు అక్కడ లాన్ ఉండేది. ఢిల్లీలో లాన్ గురించి నా అభిప్రాయం ఈ కాలమ్ చదివేవాళ్ళకి మళ్ళీ చెప్పక్కర్లేదు. నరమామిడిని అశోకమని పిలిచేవాళ్ళతో ఎన్నిసార్లు గొడవపడ్డానో మా సొసైటీ కల్నల్ గారు సాక్ష్యం చెబుతారు. లాన్ పోయినందుకు సంతోషించాను. సంతోషం కాంట్రాక్టరు ఇచ్చిన కాగితం చూసేదాకానే. అందులో మొక్కలకి పేర్లు లేవు. 'ఆర్నమెంటల్ ష్రబ్, మిక్స్‌డ్' అని ఒక వరస, 'ఫ్లవరింగ్ ట్రీ, ఎనిమిది అడుగులు' అని ఇంకో వరస. ఎత్తుని బట్టి ధర. సరుకు అందినట్టు సెక్రటరీ గారి సంతకం.

పేరు తెలియని మొక్కకి నీళ్ళు పోయకూడదని నేను చాలాకాలంగా చెబుతున్నాను. అందుకని మర్నాడు పొద్దున్నే ఆ తోటలోకి దిగాను.

ముందు అందరిలాగే ఫోన్ తీశాను. ఫోన్ పువ్వు చూపిస్తే బాగానే చెబుతుంది, ఒట్టి ఆకు చూపిస్తే తడబడుతుంది. దాని తప్పేం లేదు. లినేయస్ కాలం నుంచీ మొక్కల్ని వర్గాలుగా విడదీసింది పువ్వునీ కాయనీ చూసే. నర్సరీలు అమ్మేదేమో ఆకుని: పసుపు ఆకు, మచ్చల ఆకు, ముడతల ఆకు. కొమ్మ కాస్త సాగితే కత్తిరిస్తారు కనక పువ్వుకి అవకాశమే ఉండదు.

పూత లేని మొక్కని పట్టుకోవడానికి పాత పద్ధతులే నయం. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా? తుంచితే పాలు కారతాయా? లేత కాండం గుండ్రమా, పలకలా? నలిపితే ఏం వాసన? ఎదురెదురు ఆకులు, పాలు కలిసి ఉంటే గన్నేరు కుటుంబం వైపు చూడాలి. మాలీ చాంద్నీ అంటున్నది నందివర్ధనమని అలా తేలింది. దేవగన్నేరు మాత్రం ఈ లెక్కకి లొంగదు. కుటుంబం గన్నేరుదే, పాలూ ఉంటాయి, ఆకులు మాత్రం ఎదురెదురుగా ఉండవు. పాలుండి, చిగురుని కప్పుతూ మొనదేలిన తొడుగు ఉంటే మర్రి కుటుంబం. హాలు మూలన పెట్టుకునే ఫైకస్‌లన్నీ ఈ తెగవే. పలకల కాండం, నలిపితే ఘాటు వాసన అయితే తులసి చుట్టం. పసుపు ఆకుల డ్యురాంటా కాండమూ పలకలదే గానీ ఆ వాసన లేదు, కుటుంబమూ వేరు. ఢిల్లీ చెట్ల మీద ప్రదీప్ క్రిషన్ 2006లో తెచ్చిన పుస్తకం కూడా ఆకు ఆకారంతోనే మొదలుపెట్టిస్తుంది. చెట్టు కింద నుంచున్నవాడికి ఏడాది పొడుగునా దొరికేది ఆకే కదా.

వరస చివర ముదురాకుపచ్చ పొద ఒకటి తగిలింది. ఆకుని వెలుతురుకి ఎత్తితే సూదిమొనంత చుక్కలు, నలిపితే నిమ్మవాసన. నిమ్మ, మారేడు, కరివేపాకు కుటుంబం. మాలీని అడిగితే కామినీ అన్నాడు. కామినీ, కరివేపాకు చాలాకాలం ఒకే ప్రజాతి కింద ఉన్నాయి. కరివేపాకు శాస్త్రీయ నామంలో కోనిగ్ అనే ఆయన పేరుంటుంది. ఆయన తమిళ తీరంలోని ట్రాంకెబార్‌కి వచ్చి తరవాత ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరిన వృక్షశాస్త్రవేత్త. 1785లో మన కాకినాడ జగన్నాథపురంలోనే పోయాడు. ఈ సంగతి మాలీకి చెబుదామని నోరు తెరిచేలోపు అతనే ఒక మాటన్నాడు. "బాబూజీ, ఈ మాలంతా మీ ఆంధ్రాదే. కడియం నుంచి ట్రక్కులో దిగింది."

నేను మొక్క మొదట్లో వేలు పెట్టి చూశాను. చుట్టూ ఉన్నది ద్వారకా తెల్లమన్ను. వేళ్ళని పట్టుకున్న ముద్ద మాత్రం నల్లటి ఒండ్రు.

కడియపులంక నర్సరీల లారీలు దేశమంతా తిరుగుతాయని తెలుసు. ఆ తోటలు చూస్తూ పెరిగినవాణ్ణి. అయినా నేను అపరిచితులనుకుని విచారిస్తున్నవాళ్ళు మా గోదావరి నీళ్ళు తాగి వచ్చారంటే కాసేపు మాట రాలేదు. ఫాక్స్‌టెయిల్ పామ్ పుట్టింది ఆస్ట్రేలియాలో, బిస్మార్కియా మడగాస్కర్‌లో, డ్యురాంటా, హమేలియా అమెరికాల్లో. పెరిగింది కడియంలో.

పరాయి మొక్కల్ని పెంచే ఈ అలవాటు మా వైపు కొత్తది కాదు. కడియానికి ఒక పూట ప్రయాణం కూడా లేని సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ తోట వేశాడు. స్కాట్లండ్ వైద్యుడు, 1776లో కంపెనీ అసిస్టెంట్ సర్జన్‌గా మద్రాసు వచ్చి, 1781లో సామర్లకోట చేరాడు. రోజూ వేడి, గాలి ఒత్తిడి కొలిచి రాసుకునేవాడు. మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క, చెరకు, నీలిమందు, పట్టుపురుగుల కోసం మల్బరీ, ఏది కంపెనీకి డబ్బు తెస్తుందోనని అన్నీ వేసి చూశాడు. జగన్నాథపురంలో కోనిగ్‌కి చివరి రోజుల్లో వైద్యం చేసింది ఆయనే. 1787 ఉప్పెనలో ఆయన పుస్తకాలు, సేకరించిన మొక్కలు పోయాయి. మళ్ళీ మొదలుపెట్టాడు. మన దేశపు చిత్రకారుల చేత బొమ్మలు వేయించి, ఊళ్ళోవాళ్ళని అడిగి తెలుగు పేర్లు రాసుకున్నాడు. ఆ బొమ్మల్లోంచి ఏరిన 300 పలకలతో కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకం 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా వచ్చింది. ఆ తొలి సంపుటం వచ్చేనాటికే, 1793లో, ఆయన కలకత్తా తోటకి అధికారిగా వెళ్ళిపోయాడు.

ఎండాకాలం మధ్యాహ్నాలు సామర్లకోట స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడు మా తాతగారు ఆయన కథ చెప్పేవారు. తాతగారి లెక్కలో రాక్స్‌బర్గ్ మొక్కల మునసబు. ఊరూరా తిరిగి, ప్రతి మొక్కనీ పేరడిగి, పుస్తకంలో ఎక్కించుకున్నవాడు. పేరు తెలియని మొక్కకి నీళ్ళు పోయకూడదన్న నా పట్టుదల అక్కడిదే. సొసైటీ తోటలో ప్రతి మొక్కకీ బోర్డు పెట్టాలని కమిటీకి రాసిన అర్జీలూ అక్కడివే.

ఈ వారం కమిటీ ఒప్పుకుంది. ప్రతి మొక్క దగ్గరా ఇంగ్లీషు, హిందీ, శాస్త్రీయ నామాలతో బోర్డు, స్కాన్ చేస్తే వివరాలు. పేర్ల జాబితా ఇమ్మని నన్నే అడిగారు. జాబితా రాయడానికి కూర్చుంటే, మనల్ని ఇబ్బంది పెట్టిన మొక్కలన్నీ వరసగా గుర్తొచ్చాయి. వాటిలో ఒక్కటి కూడా పేరు తెలియక నాటినది కాదు.

సర్కారు తుమ్మ విత్తనాలు 1877లో కడప జిల్లా కమలాపురంలో వేశారు. అటవీ శాఖ అడిగి తెప్పించుకున్న మొక్క. వంటచెరుకు కావాలి, అది ఇచ్చింది. తరవాత పొలాలూ చెరువుగట్లూ తీసుకుంది. ఢిల్లీ రిడ్జ్ మీద దాన్నే విలాయతీ కీకర్ అంటారు. వసంత్ విహార్ దగ్గర ఆరావళి బయోడైవర్సిటీ పార్కులో దాన్ని తప్పించి పాత అడవిని తిరిగి తేవడానికి ప్రొఫెసర్ సి.ఆర్. బాబు బృందం ఏళ్ళ తరబడి కష్టపడింది. కోనోకార్పస్‌ని తెలంగాణ హరితహారంలో విరివిగా నాటారు, తరవాత ప్రభుత్వమే వద్దంది. గుజరాత్ 2023లో నిషేధించింది. ఏడాకులపాల మన దేశపు చెట్టే. ఢిల్లీ రోడ్ల పక్కన బారులుగా నాటాక, అక్టోబర్ రాత్రుల్లో ఆ పూల వాసనకి తలనొప్పి వస్తోందని జనం కిటికీలు మూస్తున్నారు. నర్సరీ చీటీ మీద ఇవన్నీ సరైన పేర్లతోనే ఉన్నాయి. ఇక్కడికొచ్చాక ఏం చేస్తాయన్నది చీటీ మీద లేదు.

పోనీ, పరాయి మొక్కలు వద్దందామా? అలాగైతే బంతిపూలు పండగలోంచి, మిరపకాయ వంటింట్లోంచి వెళ్ళిపోవాలి. ఏడాకులపాల మీద ఆ అభియోగం అసలు నిలవదు.

రాక్స్‌బర్గ్‌ని మళ్ళీ తీసి చూశాను. కలకత్తా తోటలోని సుమారు 3500 మొక్కల జాబితా 1814లో అచ్చయింది. అందులో పేరు మొదటి గడి మాత్రమే. పుట్టిల్లు ఎక్కడ, ఎవరిచ్చారు, ఎప్పుడొచ్చింది, ఎప్పుడు పూస్తుంది, ఎప్పుడు కాస్తుంది అనేవి ఆ పక్క గడులు. చివరి రెండూ నింపాలంటే మొక్క దగ్గర ఏడాది కాచుకోవాలి. తాతగారు చెప్పిన మునసబు మొదటి గడి మనిషి. తోటలో పనిచేసినాయన చివరి గడుల దాకా ఆగాడు.

అందుకని ఇన్నాళ్ళూ బోర్డులు కావాలని పోరిన నేనే, బోర్డులు వద్దని కమిటీకి రాశాను. కల్నల్ గారు ఆ కాగితం రెండుసార్లు చదువుకుని నా ఆరోగ్యం అడిగారు.

పూర్తిగా వద్దనలేదు. ప్రమాదం ఉన్నవాటికి ఈరోజే పెట్టాలి. గన్నేరులో ప్రతి భాగమూ విషమే. 2024 మేలో తిరువాంకూరు దేవస్వం బోర్డు నైవేద్యంలో, ప్రసాదంలో ఆ పువ్వు వాడకం ఆపేసింది. డ్యురాంటా పసుపు కాయలు పిల్లల నోట పడకూడదు. డీఫెన్‌బాకియా ఆకు కొరికితే నాలుక వాస్తుంది. బకాయిన్ సంగతి చెప్పాను. వీటికి ఎర్ర అక్షరాల బోర్డు చాలు, స్కాన్లు అక్కర్లేదు.

మిగతావాటికి గేటు దగ్గర గార్డు బల్ల మీద ఒక రిజిస్టరు. పేరు గడి ఖాళీగా వదిలి, పక్క గడులు ముందు నింపాలి: ఎప్పుడు చిగురేసింది, ఎప్పుడు పూసింది, ఏ పిట్ట వచ్చింది, నీళ్ళు రాని వారం వాడిందా, విత్తనం పక్క మడిలోకి దూకిందా. తెలుగులో రాసినా, హిందీలో రాసినా, మాలీ చెబితే గార్డు రాసినా సరే. ఏడాది తిరిగాక పేరు రాసి బోర్డు పెడదాం.

ఏడాది ఎందుకని మా ట్రెజరర్ గారు అడిగారు. మేలో, జూన్‌లో ఇక్కడ 45 డిగ్రీలుంటుంది, జనవరి రాత్రి నాలుగుకి దిగుతుంది; గోదావరి ఒండ్రులో పెరిగిన మొక్కలు రెండూ చూడాలి కదా అన్నాను. రెండూ దాటినవాటికే బోర్డులు, దాటలేనివాటికి ఖర్చు మిగులు. ట్రెజరర్ గారు అప్పటికప్పుడే సంతకం పెట్టారు.