తాకని చోటి పనితనం

ఫొటోషాప్‌లో ఆల్ట్ మీట నొక్కిపట్టి, లేయర్ పక్కనున్న మాస్క్ బొమ్మ మీద క్లిక్ చేస్తే ఫొటో తప్పుకుని నలుపు, తెలుపు, బూడిదరంగుల పటం ఒకటి తెర నిండా పరుచుకుంటుంది. పని చేసేవాళ్లు అంచులు సరిచూసుకోవడానికి అలా తెరుస్తుంటారు. చూసేవాళ్లకు మాత్రం ఎడిటర్ చెయ్యి ఎక్కడ ఎంత పడిందో, ఎక్కడ అసలు పడలేదో తెలిపే చిట్టా అది. ఒక పెళ్లి ఫొటో తాలూకు అలాంటి చిట్టాలను ఒక్కొక్కటిగా తెరిచి చూద్దాం.

ఫొటో తలంబ్రాల ఘట్టంలోది. పెళ్లికూతురు దోసిలి ఎత్తింది. పసుపు కలిపిన బియ్యం గాల్లో ఉన్నాయి. పెళ్లికొడుకు తల కాస్త వంచి నవ్వుతున్నాడు. ఇద్దరూ మధుపర్కాల్లో ఉన్నారు. వెనక మండపం నిండా బంతిపూల దండలు, వాటి మీద వీడియోవాళ్ల లైటు. ఫొటో తీయడంలో లోటేమీ లేదు. కళ్లు చక్కగా ఫోకస్‌లో ఉన్నాయి. అయినా చూపు ముందు బంతిపూల మీదికి పోతుంది, ఆ తరవాతే మనుషుల మీదికి వస్తుంది. ఒక జిల్లా కేంద్రంలోని స్టూడియో ఎడిటర్ దీన్ని నాలుగు లేయర్లతో, ఐదు మాస్కులతో సరిచేశాడు. ఐదింటిలో మూడు మాస్కులు దాదాపు నల్లగా ఉన్నాయి. ఈ పనిలో నాకు బాగా నచ్చింది ఆ నలుపే.

నలుపును ఎందుకు మెచ్చుకోవాలో తెలియాలంటే మాస్క్ వేసే లెక్క తెలియాలి. లేయర్ అంటే ఫొటో మీద పరిచిన ఇంకో పొర. మాస్క్‌లో తెలుపున్న చోట ఆ పై పొర పనిచేస్తుంది, నలుపున్న చోట పనిచేయదు, బూడిదరంగున్న చోట ఆ రంగు చిక్కదనాన్ని బట్టి కొంత పనిచేస్తుంది. మామూలు ఎనిమిది బిట్ల ఫైల్లో నలుపు 0, తెలుపు 255; మొత్తం 256 మెట్లు. కింది పొరలో ఒక పిక్సెల్ వెలుగు 120, పై పొరలో అదే పిక్సెల్ వెలుగు 180 అనుకుందాం. మాస్క్‌లో అక్కడ 64 ఉంటే అది 255లో పావు వంతు. రెండింటి తేడా 60లో పావు వంతు, అంటే 15 కలిసి తెర మీద 135 వస్తుంది. ఫొటోలోని ప్రతి పిక్సెల్‌కీ ఇదే లెక్క. రబ్బరుతో చెరిపితే పిక్సెల్ పోతుంది. మాస్క్‌లో నలుపు పూస్తే పిక్సెల్ ఉంటుంది, కనబడదంతే. తెలుపు పూస్తే మళ్లీ వస్తుంది.

శ్రీకాళహస్తి కలంకారీలో నీలిరంగు అంటకూడని చోట గుడ్డ మీద మైనం పూస్తారు. మాస్క్‌లోని నలుపు చేసేదీ అదే. కాకపోతే మైనం ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మాస్క్‌లో ఆ రెండు కొసల మధ్య 254 మెట్లున్నాయి. ఎడిటర్ పనితనం బయటపడేది ఆ మెట్ల మీదే.

కప్పి ఉంచి పని చేయడం కంప్యూటర్‌తో పుట్టింది కాదు. 1857లో ఆస్కార్ రెజ్లాండర్ అనే ఫొటోగ్రాఫర్ ఇంగ్లండ్‌లో ముప్పైకి పైగా నెగెటివ్‌లను ఒకే బొమ్మగా అచ్చు వేశాడు. ఒక్కో నెగెటివ్‌కి వెలుగు ఇచ్చేటప్పుడు మిగతా కాగితాన్ని కప్పి ఉంచాడు. అమెరికా ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో హెర్నాండెజ్ అనే ఊళ్లో తీసిన చంద్రోదయం ఫొటోను ఆ తరవాత దశాబ్దాల పాటు ప్రింట్ చేస్తూ, డార్క్‌రూమ్‌లో ఆకాశాన్ని మరింత మరింత నల్లగా చేస్తూ పోయాడు. మన సినిమాల్లో ద్విపాత్రాభినయానికి ‘మాస్క్ షాట్’ తీసేవారు. కెమెరా ముందు సగం కప్పి ఒక పాత్రను తీసి, ఫిల్మ్ వెనక్కి తిప్పి, రెండో సగం కప్పి రెండో పాత్రను తీసేవారు. సగాలు కలిసే గీత ఏ స్తంభం అంచునో, తలుపు వారనో దాక్కునేది. నటుడి చెయ్యి ఆ గీత దాటితే తెగిపోయినట్టు కనిపించేది.

కంప్యూటర్‌లో బొమ్మతో పాటే ‘ఎక్కడ ఎంత కనబడాలి’ అన్న సమాచారాన్నీ దాచే పద్ధతిని 1970ల చివర్లో న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆల్వీ రే స్మిత్, ఎడ్ క్యాట్మల్ రూపొందించారు. దానికి ఆల్ఫా ఛానల్ అని పేరు పెట్టారు. ఫొటోషాప్‌లోకి లేయర్లు 1994లో మూడో వెర్షన్‌తో వచ్చాయి. పిక్సెళ్లు లేకుండా సవరణను మాత్రమే మోసే అడ్జస్ట్‌మెంట్ లేయర్లు 1996లో నాలుగో వెర్షన్‌తో వచ్చాయి. ఈ తలంబ్రాల ఫొటోలో వాడిన నాలుగూ ఆ రకం లేయర్లే. అసలు ఫొటో అడుగున చెక్కుచెదరకుండా ఉంది.

మొదటి లేయర్ పని బంతిపూల వెలుగు తగ్గించడం. వెలుగును సవరించే కర్వ్స్ గీతను కిందికి లాగితే పూలు తగ్గుతాయి, వాటితో పాటు మనుషులూ నల్లబడతారు. కాబట్టి పూల దగ్గర తెలుపు, మనుషుల దగ్గర నలుపు ఉన్న మాస్క్ కావాలి. ఒంటి చుట్టూ గీత గీయడం ఎవరైనా చేస్తారు. చిక్కంతా జడ దగ్గర, నుదుటి మీద ఎగిరే ముంగురుల దగ్గర. ఒక్కో వెంట్రుకనూ చేత్తో గీయలేం. అందుకే ఫొటో రంగులను విడివిడిగా దాచే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానళ్లలో జుట్టుకీ నేపథ్యానికీ ఎక్కువ తేడా ఉన్నదాన్ని నకలు తీసి, లెవెల్స్‌తో ఆ తేడాను ఇంకా పెంచి మాస్క్‌గా వాడతారు. పాఠాల్లో తరచు నీలం ఛానల్ తీసుకోమంటారు; ఆకాశమో, తెల్లటి స్టూడియో తెరో వెనక ఉంటే ఆ మాట నిజం. ఇక్కడ వెనకున్నవి బంతిపూలు. పసుపు, నారింజ రంగుల్లో నీలం దాదాపు ఉండదు. నీలం ఛానల్ తెరిస్తే పూలూ నల్లగా, జుట్టూ నల్లగా కలిసిపోయి కనిపిస్తాయి. ఎరుపు ఛానల్‌లో పూలు తెల్లగా వెలుగుతాయి, జుట్టు నల్లగా తేలుతుంది. ఎడిటర్ ముంగురులను అక్కణ్ణుంచి తీశాడు.

అదే జడలో మల్లెపూలున్నాయి. ఎరుపు ఛానల్‌లో మల్లెలూ తెలుపే, బంతులూ తెలుపే. దాన్నే నమ్ముకుంటే మల్లెలు కూడా బంతుల లెక్కలోకి పోయి మసకబారతాయి. నీలం ఛానల్‌లో మాత్రం మల్లెలు తెల్లగా, బంతులు నల్లగా విడివిడిగా ఉంటాయి. దాన్ని తిరగేస్తే కావలసిన మాస్క్ వస్తుంది. మధుపర్కాల తెల్లటి గుడ్డ అంచు కూడా దాంతోనే తేలింది. ఒకే జడకు వెంట్రుకలు ఒక ఛానల్ నుంచి, పూలు ఇంకో ఛానల్ నుంచి వచ్చాయన్నమాట. ఇక మిగిలినవి మల్లెల మధ్య కూర్చిన కనకాంబరాలు, మధుపర్కాల ఎర్ర అంచు. కనకాంబరం నారింజరంగు బంతిపువ్వు రంగుకు మరీ దగ్గర. ఏ ఛానల్‌లోనూ సరిగ్గా విడిపోదు. వాటిని పెన్ను ట్యాబ్లెట్ మీద ఒక్కొక్క రేకుగా చేత్తో నలుపు దిద్దాడు. మొహాల లోపలి భాగానికీ చేత్తోనే నలుపు పూశాడు. చివర్లో బ్రష్‌ని ఓవర్‌లే మోడ్‌లో పెట్టి అంచుల మీద నడిపాడు. ఆ మోడ్‌లో నలుపు పూస్తే పూర్తి తెలుపు కదలదు, బూడిదరంగులే నలుపు వైపు జరుగుతాయి. వెంట్రుకల మధ్య సందులు పూడిపోకుండానే అంచు శుభ్రపడింది.

అంచులన్నిటికీ ఒకే పదును ఇవ్వలేదు. ఫోకస్ కళ్ల మీద ఉంది కాబట్టి చెంప గీత పదునుగా, వెనక్కి వాలిన జడ చివర కాస్త మెత్తగా ఉన్నాయి. మాస్క్ అంచు కూడా అలాగే చెంప దగ్గర పదునుగా మొదలై జడ కిందికి దిగేకొద్దీ మెత్తబడింది. లెన్స్ ఎక్కడ ఎంత మసక చేసిందో మాస్క్ కూడా అక్కడ అంత మసకగా ఉండాలి. అలా లేకపోతే మనిషిని కత్తిరించి అతికించినట్టుంటుంది. మాస్క్ అంచు లోపలికి తగ్గినా, బయటికి పెరిగినా జుట్టు చుట్టూ ఒక తెల్ల గీతో నల్ల గీతో మిగులుతుంది. ఆల్బమ్ చూసేవాళ్లకు దాని పేరు తెలియకపోవచ్చు, ఏదో తేడాగా ఉందని మాత్రం వెంటనే తెలుస్తుంది.

తలంబ్రాల బియ్యం దగ్గర ఈ పని మరీ ముచ్చటగా ఉంది. గింజలు కదులుతున్నాయి కాబట్టి గీతలు గీతలుగా సాగి, వెనకున్న పూలు వాటిలోంచి కనిపిస్తున్నాయి. అక్కడ తెలుపు వేస్తే బియ్యం పూలతో పాటు నల్లబడుతుంది. నలుపు వేస్తే గింజల చుట్టూ పాత వెలుగు మిగిలిపోయి మచ్చలుగా కనిపిస్తుంది. గింజలు పడుతున్న దారి పొడవునా ఎడిటర్ నడిమి బూడిదరంగు పలచగా పూశాడు. పూలు తగ్గాయి, బియ్యం వాటికన్నా కాస్త తక్కువ తగ్గింది. ఇప్పుడు చూపు దోసిలి నుంచి పెళ్లికొడుకు తల దాకా ఆ బియ్యం వెంటే వెళ్తుంది.

ఈ అంచుల మాస్క్‌ని లేయర్‌కి కాకుండా, ఆ లేయర్‌ని ఉంచిన గ్రూపుకి, అంటే లేయర్లను దాచే సంచి లాంటి దానికి పెట్టాడు. లేయర్‌కి వేరే మాస్క్ ఉంది. అది ఫొటోలోని వెలుగునే మాస్క్‌గా మార్చింది. ఎక్కువ వెలిగే రేకు దగ్గర ఎక్కువ తెలుపు, నీడ దగ్గర నలుపు. అమెరికా ప్రకృతి ఫొటోగ్రాఫర్ టోనీ కైపర్ పాఠాల వల్ల బాగా ప్రచారంలోకి వచ్చిన ‘లూమినాసిటీ మాస్క్’ ఇదే. గ్రూపు మాస్క్, లేయర్ మాస్క్ ఒకదాన్నొకటి గుణించుకుంటాయి. ఇక్కడ సగం, అక్కడ సగం ఉంటే పావు పని జరుగుతుంది. అందువల్ల మెరిసిపోతున్న రేకులు తగ్గాయి, దండల మధ్య నీడలు ఉన్నట్టే ఉన్నాయి. పూలగోడ మొత్తానికి మసి పూసినట్టు కాలేదు.

రెండో లేయర్ రంగుది. మండపం బల్బుల పసుపు తెల్లటి మధుపర్కాల మీద పడి గుడ్డ మాసినట్టుంది. కర్వ్స్‌లో నీలం కాస్త ఎత్తితే పసుపు విరుగుతుంది. ఫొటో మొత్తానికి అలా చేస్తే దోసిట్లో తలంబ్రాలు పాలిపోతాయి, చేతుల పసుపు పోతుంది, కొత్తబట్ట అంచున శుభానికి పెట్టిన పసుపుబొట్టూ పోతుంది. బల్బు వేసిన పసుపు ఏదో, పెద్దముత్తైదువ పెట్టిన పసుపు ఏదో సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. ఎడిటర్‌కి తెలుసు. మాస్క్‌ని నలుపుతో నింపి, గుడ్డ మడతల మీదే తెలుపు పూశాడు. అంచున ఉన్న ఆ చిన్న పసుపు మరక చుట్టూ బ్రష్ ఆగింది.

మూడు, నాలుగు లేయర్లు మొహాలవి. ఒకటి వెలుగు పెంచేది, ఒకటి తగ్గించేది. రెండింటి మాస్కులూ మొదట పూర్తిగా నలుపే. అంటే ఏ పనీ జరగదు. ఆ పైన తెలుపును, బ్రష్ ఫ్లో రెండు మూడు శాతం దగ్గర పెట్టి, ఒకదాని మీద ఒకటిగా పలచటి చేతులు వేస్తారు. ఫ్లో తక్కువగా ఉంటే రంగు ఒక్కసారే పడదు, చెయ్యి తిరిగేకొద్దీ పేరుకుంటుంది. పాత స్టూడియోల్లో నెగెటివ్ మీద సన్నగా చెక్కిన పెన్సిల్‌తో చేసిన ‘టచింగ్’ కూడా ఈ కోవలోదే. నెగెటివ్ మీద పెన్సిల్ పడ్డ చోట ప్రింటులో తెల్లబడుతుంది. కళ్ల కింది నీడా, చెంప మీది గుంటా అలా తేలికపడేవి.

ఈ రెండు మాస్కుల్నీ విడిగా తెరిస్తే నల్లటి తెర మీద అక్కడక్కడ పొగలా చిన్న చిన్న బూడిద మరకలు తప్ప ఏమీ లేవు. కళ్ల కింద ఒక వంపు, ముక్కు పక్క మడత, పెళ్లికొడుకు నుదుటి మీద మెరుపు, అంతే. బాసికం మీద, బుగ్గచుక్క మీద, కనుబొమల మీద ఏమీ పడలేదు. చర్మాన్ని బ్లర్ చేసే దగ్గరి దారి ఒకటుంది. దాంతో మచ్చలు పోతాయి, స్వేదరంధ్రాలూ పోతాయి. మొహం ప్లాస్టిక్ అయిపోయిందని స్టూడియోల్లో అనేది అలాంటి పనినే. ఇక్కడ చర్మం చర్మంలాగే ఉంది. వెలుగు నీడల్లో ఎగుడుదిగుళ్లు మాత్రం సర్దుకున్నాయి.

ఇప్పుడు గీత గీసే శ్రమ చాలావరకు సాఫ్ట్‌వేరే తీసుకుంటోంది. 2018లో ఫొటోషాప్‌లోకి వచ్చిన సెలెక్ట్ సబ్జెక్ట్ ఒక్క క్లిక్‌తో మనిషిని నేపథ్యం నుంచి వేరు చేస్తుంది. 2020లో ఆకాశాన్ని మార్చేసే పనిముట్టు కూడా వచ్చింది. సీజన్‌లో వేల ఫొటోలు చూడాల్సిన స్టూడియోకి ఇవి పెద్ద ఆసరా. ఈ ఫొటోలోనూ మొదటి గీతను అలా గీయించి, ఆ పైన ఛానళ్లతో, చేత్తో దిద్దుకోవచ్చు. కానీ మనిషి ఎక్కడ ముగిశాడో చెప్పడం వేరు, సవరణ ఎక్కడ ఆగాలో చెప్పడం వేరు. పసుపు మరక చుట్టూ బ్రష్ ఆపాలంటే ఆ మరక అక్కడికి ఎలా వచ్చిందో తెలిసి ఉండాలి.

ఆల్బమ్‌కి వెళ్లే జేపెగ్‌లో లేయర్లన్నీ కలిసిపోతాయి, మాస్కుల ఆనవాలు ఉండదు. లేయర్లనూ మాస్కులనూ విడివిడిగా దాచే పీఎస్‌డీ ఫైలు స్టూడియోలో ఉన్నంతకాలం ప్రతి నిర్ణయాన్నీ తిరిగి తెరవొచ్చు. పెళ్లికూతురి తల్లి వచ్చి, కళ్ల కింద అంత తేలిక చేయకండి, ఆ అలసట కూడా పెళ్లిదే కదా అంటే, ఆ రెండు వంపుల మీద కాస్త నలుపు పూస్తే చాలు. స్టూడియో యజమాని కొత్త ఎడిటర్‌ని తీసుకునే ముందు తళతళలాడే నమూనా ఆల్బమ్ అడుగుతాడు. దానికి బదులు ఒక్క పీఎస్‌డీ అడిగి, అందులోని మాస్కులు తెరిచి చూడడం మేలు. ఏం చేయగలడో ఆల్బమ్ చెబుతుంది. ఏం చేయకూడదో తెలుసా లేదా అన్నది మాస్కులు చెబుతాయి. పెళ్లి ఫొటో లాంటి, మళ్లీ తీయలేని ఫొటోను అప్పగించేటప్పుడు ఈ రెండోదే ముందు తెలుసుకోవాలి.