మూడు కన్నాల ముచ్చట

చీరల్నీ, సినిమాల్నీ, పక్కింటావిడ పులుసునీ విమర్శించడం మనకి అలవాటే. గోడకున్న ప్లగ్గుని విమర్శించాలని మాత్రం నాకు మొన్నటిదాకా తోచలేదు. ఏడాది నిండని మా మనవడు పాక్కుంటూ వెళ్ళి నా తలపిన్నుని సాకెట్టు కన్నంలో దూర్చబోయాడు. నా కేకకి హడలి ఏడ్చాడు గానీ, పిల్లాడు దక్కాడు.

తప్పు వాడిదా? కన్నం కనిపిస్తే పసివాడు వేలు పెట్టక ఏం చేస్తాడు! తప్పు కన్నానిదే.

ఈ సంగతి బ్రిటన్‌లో యుద్ధం రోజుల్లోనే ఆలోచించారు. యుద్ధం అయ్యాక కట్టే ఇళ్ళలో కరెంటు ఎలా ఉండాలో తేల్చడానికి ఇరవైమందితో కమిటీ వేస్తే, అందులో ఆడమనిషి ఒక్కరే. ఆవిడ కెరొలిన్ హాస్లెట్ అనే ఇంజనీరు. పసిపిల్లల కోసం కన్నాలకి మూతలుండాలని 1944లో ఆ కమిటీ చెప్పింది. 1947లో వచ్చిన ప్లగ్గుకి పై పిన్ను కాస్త పొడుగు. అది ముందుగా వెళ్ళి లోపలి మూత తెరిస్తేనే మిగతా రెండింటికీ దారి. ప్లగ్గులోనే ఫ్యూజు కూడా. వంక పెట్టాలంటే ఒకటుంది: కింద పడేస్తే పిన్నులు పైకి చూస్తూ పడుకుంటుంది. చీకట్లో కాలేసినవాళ్ళకి తెలుస్తుంది!

జర్మనీ సాకెట్టు గిన్నెలా లోతుగా ఉంటుంది. ప్లగ్గు అందులోకి దిగాక ఇక వేలికి సందుండదు. అమెరికా వారి రేకుల ప్లగ్గు సగం ఊడితే లోహం బయటికి కనిపిస్తుంది. వాళ్ళది 120 వోల్టులే కావడం కొంత నయం. ఇళ్ళలో సాకెట్లకి మూతలుండాలన్న నియమం వాళ్ళ కోడులోకి 2008లో వచ్చింది.

మనది 230 వోల్టులు. మన గుండ్రటి పిన్నుల ప్లగ్గేమో బ్రిటిష్‌వారి పాత నమూనా. వాళ్ళు వదిలేశారు, మనం పట్టుకున్నాం. ముందుగా తగిలే పొడుగాటి ఎర్తు పిన్ను దాని మంచి గుణమే. కానీ గోడ వెనక ఎర్తు తీగే లేకపోతే ఆ పిన్ను ఉత్త అలంకారం. ఇక ప్లగ్గు విరిగితే రెండు తీగెలూ దూర్చి అగ్గిపుల్ల గుచ్చే మన తెలివికి ఏ కమిటీ మందు వేయగలదు?

మర్నాడే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మూతలున్న సాకెట్లు పెట్టించాను.

"అన్నిటికీ ఎందుకమ్మా?" అన్నాడు.

"మావాడు అన్నిటి దగ్గరికీ పాకుతాడు నాయనా!" అన్నాను.